గీతకు అటూ ఇటూ – 7: తప్పు జరిగితే అడిగేదెవరిని?

పోయిన భాగంలో 49వ అక్షాంశం వెంట గొలుసులు పట్టి కొలిచిన సర్వేయర్లను చూశాం. అడవిలో ఆరు మీటర్ల వెడల్పున చెట్లు కొట్టి, అమెరికా–కెనడా సరిహద్దును కంటికి కనిపించేలా చేసిన కథ అది. 8,891 కిలోమీటర్ల ఆ గీతకు రెండు వైపులా కాపలా ఉంది. ఆ రెండు కాపలాలూ ఒక్కటవుతుంటే జనం ఏమన్నారన్నది ఈ భాగం. దేశాలు కొట్లాడుకున్న చరిత్ర మనకు బాగానే తెలుసు, బళ్ళో తేదీలతో సహా బట్టీ పట్టాం. చేతులు కలిపిన చరిత్రను అంత శ్రద్ధగా చదవం. చదవాల్సిన అవసరం ఉంది. యుద్ధమొస్తే ఊరంతటికీ తెలుస్తుంది. ఒప్పందం సంగతి మాత్రం చాలాసార్లు అమల్లోకి వచ్చాక గాని తెలియదు.

1988 మార్చి 22న సెయింట్ లారెన్స్ నది మీది వంతెన దాటి, అమెరికా వైపు నుంచి కెనడాలోని కార్న్‌వాల్‌కు మోహాక్ ఆదివాసుల పెద్ద ఒకాయన వచ్చాడు. పేరు మైక్ మిచెల్, అక్వెసస్నే మోహాకులకు గ్రాండ్ చీఫ్. ఆయన వెంట తెచ్చిన సరుకుల చిట్టా కోర్టు తీర్పులో ఇప్పటికీ చదువుకోవచ్చు. ఒక వాషింగ్ మెషిన్, పది దుప్పట్లు, ఇరవై బైబిళ్ళు, వాడిన బట్టలు, ఒక పెట్టె ఇంజన్ ఆయిల్, పది బ్రెడ్లు, రెండు పౌన్ల వెన్న, నాలుగు గ్యాలన్ల పాలు, ఆరు సంచుల బిస్కెట్లు, పన్నెండు డబ్బాల సూప్. కస్టమ్స్ వాళ్ళు సుంకం కట్టమన్నారు. మీ రెండు దేశాలూ పుట్టక ముందు నుంచీ ఈ నదికి రెండు వైపులా మేమున్నాం, కట్టేది లేదన్నాడు ఆయన. తర్వాత వచ్చిన నోటీసులో లెక్క 142 డాలర్ల 88 సెంట్లు. ఇంజన్ ఆయిల్ తప్ప మిగతా సరుకంతా టయెండినేగాలోని తోటి మోహాకులకు కానుకగా ఇచ్చేశాడు. కావాలనే చేసిన పని ఇది. వెంట జనం కూడా ఉన్నారు. కేసు పడాలి, కోర్టు తేల్చాలి అన్నదే ఉద్దేశం.

అక్వెసస్నే ఎలా ఉంటుందో మనసులో గీసుకుంటే గాని మిగతా కథ అర్థం కాదు. నది మధ్యలో కార్న్‌వాల్ దీవి. అది కెనడాలోని ఒంటారియో రాష్ట్రం. నదికి దక్షిణాన సెయింట్ రెజిస్, స్నై అనే రెండు పల్లెలు. అవి క్యూబెక్ రాష్ట్రం, అదీ కెనడాయే. కానీ ఆ పల్లెల నుంచి రోడ్డు మీద ఎటు కదిలినా ముందు తగిలేది అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం. అక్కడా మోహాకులే ఉంటారు. ఒకే జాతి, ఒకే భాష, ఒకే చుట్టరికాలు. పొద్దున పిల్లవాణ్ణి బడిలో దింపి, అమ్మకు మందులు కొని, సాయంత్రానికి ఇల్లు చేరే మనిషి ఆ గీతను ఎన్నిసార్లు దాటాడో తనకే గుర్తుండదు.

1794లో బ్రిటన్, అమెరికాలు చేసుకున్న జే ఒప్పందం ఇలాంటి ఆదివాసుల గురించి ఒక మాట ఇచ్చింది. వాళ్ళు సరిహద్దు అటూ ఇటూ స్వేచ్ఛగా తిరగవచ్చనీ, సొంత సామాన్లకు సుంకం ఉండదనీ రాసుకున్నారు. రాకపోకల వరకు అమెరికా ఆ మాటను నేటికీ పాటిస్తోంది. కెనడా మాత్రం దాన్ని తన చట్టంగా ఎన్నడూ చేసుకోలేదని 1956లోనే అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పాత కేసు వేసింది కూడా అక్వెసస్నే మనిషే. అందులోనూ ఒక వాషింగ్ మెషిన్ ఉంది, తోడుగా ఒక ఫ్రిజ్, ఒక ఆయిల్ హీటర్. మిచెల్ కేసు కింది కోర్టుల్లో గెలిచి, 2001 మే 24న సుప్రీంకోర్టులో ఓడిపోయింది. తెల్లవాళ్ళు రాకముందు మోహాకులు నది దాటి ఉత్తరానికి వ్యాపారం చేసేవారనడానికి తగిన సాక్ష్యం లేదన్నారు న్యాయమూర్తులు.

నాలుగు నెలలు తిరగకముందే సెప్టెంబర్ 11 వచ్చింది.

ఆ రోజు అమెరికా తన ఆకాశాన్ని మూసేస్తే, అట్లాంటిక్ మీద ఉన్న విమానాలు కెనడాలో దిగాయి. న్యూఫౌండ్‌లాండ్‌లోని గాండర్ అనే పది వేల జనాభా ఊళ్ళో 38 విమానాలు, దాదాపు 6,600 మంది ప్రయాణికులు దిగారు. బడులూ చర్చిలూ ఇళ్ళూ తెరిచి, రోజుల తరబడి వాళ్ళకు అన్నం పెట్టారు ఆ ఊరివాళ్ళు. ఇరుగుపొరుగు అంటే ఏమిటో చూపించిన రోజులవి. అదే వారంలో విండ్సర్, డెట్రాయిట్ నగరాలను కలిపే అంబాసిడర్ వంతెన దగ్గర లారీలు గంటల కొద్దీ బారులు తీరాయి. రెండు దేశాల మధ్య రోడ్డు మీద నడిచే సరుకులో పెద్ద వాటా ఆ ఒక్క వంతెన మీదే వెళ్తుంది. కారులో పెట్టే ఒక్కో భాగం పూర్తయ్యేలోపు అటూ ఇటూ పలుమార్లు దాటుతుంది. కార్ఖానాల్లో ముందుగా నిల్వ ఉంచుకునే పద్ధతి లేదు, ఏ పూటకు కావాల్సింది ఆ పూట రావాలి. లారీ ఆగితే కార్ఖానా ఆగుతుంది. ఆగాయి కూడా.

వాషింగ్టన్‌లో మరో మాట పుట్టింది. దాడి చేసినవాళ్ళు కెనడా గుండా వచ్చారని. పంతొమ్మిది మందిలో ఒక్కరూ అలా రాలేదు. అయినా ఆ అబద్ధం చావలేదు. 2009లో కూడా అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ మంత్రి జానెట్ నపోలిటానో ఆ ధోరణిలో మాట్లాడి, తర్వాత సర్దుకోవాల్సి వచ్చింది. అమెరికా భయానికి బొత్తిగా ఆధారం లేదనీ అనలేం. 1999 డిసెంబర్‌లో అహ్మద్ రెస్సమ్ అనే వ్యక్తి విక్టోరియా నుంచి ఫెర్రీలో కారుతో దిగి, పోర్ట్ ఏంజలస్‌లో పేలుడు పదార్థాలతో పట్టుబడ్డాడు. లాస్ ఏంజలస్ విమానాశ్రయాన్ని పేల్చడానికి వెళ్తున్నవాడతను.

2001 డిసెంబర్ 12న కెనడా విదేశాంగ మంత్రి జాన్ మాన్లీ, అమెరికా తరఫున టామ్ రిడ్జ్ కలిసి 'స్మార్ట్ బార్డర్' ప్రకటన చేశారు. దానికి 30 అంశాల కార్యాచరణ. సమాచారం పంచుకోవడం, వీసా విధానాలు దగ్గర చేసుకోవడం, నమ్మకమైన ప్రయాణికులకూ లారీలకూ వేరే వరుసలు, రెండు దేశాల పోలీసులు కలిసి పనిచేసే బృందాలు. మొదట్లో జనంలో పెద్దగా వ్యతిరేకత లేదనే చెప్పాలి. విండ్సర్‌లో కార్మికులకు వంతెన తెరుచుకోవడమే ముఖ్యం, వాళ్ళ బతుకు దాని మీద ఉంది. భద్రత కోసం ఎంత ఇచ్చినా సరే, సరుకు కదిలితే చాలన్నాయి వ్యాపార సంఘాలు. ఆ ఆత్రం న్యాయమైనదే. కాకపోతే, పంచుకునే 'సమాచారం' అంటే మనుషుల పేర్లనీ, ఆ పేర్లలో తప్పులుంటే ఏమవుతుందనీ అప్పటికి ఎవరూ ఆలోచించలేదు.

మహర్ అరార్ ఒట్టావాలో టెలికాం ఇంజనీరు. సిరియాలో పుట్టి, పదిహేడేళ్ళ వయసులో కెనడా వచ్చి, అక్కడే చదువుకుని పౌరుడయ్యాడు. 2002 సెప్టెంబర్ 26న ట్యునీషియా నుంచి ఇంటికి వస్తూ న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో విమానం మారబోతుంటే అమెరికా అధికారులు పట్టుకున్నారు. రెండు వారాలు కాకముందే, కెనడా పాస్‌పోర్టు మీద ప్రయాణిస్తున్న మనిషిని, జోర్డాన్ మీదుగా సిరియాకు పంపేశారు. అక్కడ మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఏడడుగుల ఎత్తున్న గదిలో పది నెలలకు పైగా ఉంచారు. కేబుల్ వైర్లతో కొట్టారు. కొట్టి, రాయమన్నది రాయించుకున్నారు.

అమెరికాకు అతని మీద అనుమానం ఎక్కడి నుంచి వచ్చింది? కెనడా నుంచే వచ్చింది. ఫెడరల్ పోలీసులైన ఆర్‌సీఎంపీ వేరే మనిషి మీద నిఘా పెట్టి ఉన్నారు. ఆ మనిషి, అరార్ ఒట్టావాలో ఒక కాఫీ షాపు దగ్గర కలిసి, వానలో నడుస్తూ మాట్లాడుకోవడం చూశారు. దాని మీద అరార్ పేరు ఎక్కించారు. అతన్నీ అతని భార్యనూ ఇస్లామిక్ తీవ్రవాదులుగా అనుమానిస్తున్నట్టు అమెరికాకు రాశారు. 2002లో తమ దర్యాప్తు దస్త్రం మొత్తాన్ని మూడు సీడీల్లో కాపీ చేసి అమెరికా చేతిలో పెట్టారు. మామూలుగా అలాంటి కాగితం వెంట ఒక షరతు వెళ్తుంది, మా అనుమతి లేకుండా దీన్ని వేరే పనికి వాడొద్దని. సెప్టెంబర్ 11 తర్వాతి తొందరలో ఆ షరతులు కూడా పెట్టలేదు. మూడు సీడీలు. వాటిలో ఏది నిజమో ఏది ఊహో వేరు చేసి చెప్పే అట్ట ముక్క కూడా లేదు.

అతని భార్య మోనియా మజీ ఇద్దరు చిన్న పిల్లలతో పార్లమెంటు ముందు నిలబడింది. పత్రికల చుట్టూ తిరిగింది, మంత్రులకు ఉత్తరాలు రాసింది. ఆమె పట్టుదల లేకపోతే ఈ కథ మనదాకా వచ్చేది కాదని నా నమ్మకం. 2003 అక్టోబర్‌లో అరార్ తిరిగొచ్చాడు. వెంటనే అధికార వర్గాల నుంచి అతని మీద లీకులు మొదలయ్యాయి. ఆ లీకుల ఆధారంగా వార్త రాసిన ఒట్టావా సిటిజన్ విలేకరి ఇంటిని 2004 జనవరి 21న పోలీసులు సోదా చేశారు. అప్పుడు కదిలింది దేశం. వారం తిరిగేసరికి ప్రభుత్వం న్యాయవిచారణ ప్రకటించింది.

జస్టిస్ డెనిస్ ఓకానర్ 2006 సెప్టెంబర్‌లో నివేదిక ఇచ్చారు. అరార్ ఏ నేరమూ చేసినట్టు ఆధారం లేదు. కెనడా ఇచ్చిన తప్పుడు సమాచారం మీదే అమెరికా ఆ నిర్ణయం తీసుకుని ఉండొచ్చని తేల్చారు. 'ఉండొచ్చు' అని ఆయన ఎందుకన్నారంటే, అమెరికా ఆ విచారణకు సహకరించలేదు. ఆర్‌సీఎంపీ అధిపతి రాజీనామా చేశాడు. 2007 జనవరిలో ప్రధాని స్టీఫెన్ హార్పర్ క్షమాపణ చెప్పి, కోటి 5 లక్షల కెనడా డాలర్ల పరిహారం ప్రకటించాడు. అమెరికా మాత్రం అతని పేరును నిషేధ జాబితా నుంచి తీయలేదు.

సహకారం మీద కెనడా జనానికున్న భయానికి ఆకారం వచ్చింది ఇక్కడే. దాన్ని అమెరికా ద్వేషమని కొట్టిపారేసినవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. జనం అడిగింది చాలా సూటి ప్రశ్న. రెండు ఆఫీసులు కలిసి ఒక మనిషిని నాశనం చేస్తే ఆ మనిషి ఎవరి గుమ్మం తొక్కాలి? కెనడా పోలీసులు, మేం సమాచారమే ఇచ్చాం, పంపింది వాళ్ళంటారు. అమెరికా, నిర్ణయం మాది, మీ కమిషన్‌తో మాకు పని లేదంటుంది. బాధితుడి సొంత దేశంలో ఒక న్యాయమూర్తి రెండేళ్ళకు పైగా తవ్వినా సగమే బయటపడింది.

ఈ అనుమానం ఉన్న వాతావరణంలోనే మోంటెబెల్లో నిరసన వచ్చింది. 2005లో టెక్సస్‌లోని వేకోలో అమెరికా అధ్యక్షుడు బుష్, కెనడా ప్రధాని పాల్ మార్టిన్, మెక్సికో అధ్యక్షుడు విసెంటె ఫాక్స్ కలిసి 'భద్రత, సమృద్ధి భాగస్వామ్యం' ప్రారంభించారు. ఏ దేశపు చట్టసభా దాని మీద ఓటు వేయలేదు. పెద్ద కంపెనీల అధిపతులకు మాత్రం సలహాదారులుగా చోటు దొరికింది. 2007 ఆగస్టులో క్యూబెక్‌లోని మోంటెబెల్లోలో నాయకులు సమావేశమైనప్పుడు కార్మిక సంఘాలు, పౌర సంఘాలు నిరసనకు దిగాయి. ముసుగులు వేసుకున్న ముగ్గురు యువకులు, ఒకడి చేతిలో రాయి, శాంతంగా ఉన్న గుంపులోకి చొరబడ్డారు. కార్మిక నాయకుడు డేవ్ కోల్స్ వాళ్ళకు అడ్డం నిలిచి, రాయి కింద పెట్టమని, ముసుగు తీయమని నిలదీశాడు. వాళ్ళు పోలీసుల వరుసలోకి తోసుకుపోయారు. అరెస్టు చేసినట్టు నేల మీద పడేసినప్పుడు తీసిన ఫొటోల్లో, వాళ్ళ బూట్ల అడుగూ పట్టుకున్న పోలీసుల బూట్ల అడుగూ ఒకేలా కనిపించాయి. రెండు మూడు రోజుల తర్వాత క్యూబెక్ పోలీసులు ఆ ముగ్గురూ తమవాళ్ళేనని ఒప్పుకోక తప్పలేదు. 2009లో ఆ భాగస్వామ్యాన్ని చప్పుడు లేకుండా మూసేశారు.

2009 మరో రకంగానూ గుర్తుండాల్సిన ఏడు. జూన్ 1 నుంచి రోడ్డు మీద అమెరికాలోకి వెళ్ళాలంటే పాస్‌పోర్టో, దానితో సమానమైన కార్డో ఉండాలన్నారు. అంతకు ముందు ఏళ్ళ తరబడి డ్రైవింగ్ లైసెన్సు చూపించి, నోటితో ఏ దేశమో చెబితే సరిపోయేది. ఈ నియమం మీద అమెరికా వైపు నుంచే గట్టి వ్యతిరేకత వచ్చింది. వెర్మాంట్ సెనేటర్ పాట్రిక్ లేహీ లాంటివాళ్ళు చట్టసభలో పోరాడి అమలును వాయిదా వేయించారు, ఆపలేకపోయారు.

లేహీ కోపానికి కారణం తెలియాలంటే ఆయన రాష్ట్రంలోని డెర్బీ లైన్ చూడాలి. దానికి ఆనుకుని క్యూబెక్‌లో స్టాన్‌స్టెడ్. రెండు ఊళ్ళు అనడం కూడా కష్టమే. నీళ్ళూ మురుగుకాల్వలూ ఉమ్మడి, ఇల్లు అంటుకుంటే రెండు వైపుల ఫైరింజన్లూ వస్తాయి. కనూసా వీధిలో గీత రోడ్డు మధ్యలో పోతుంది, ఎదురింటివాళ్ళు వేరే దేశం. 1904లో కట్టిన హాస్కెల్ లైబ్రరీ, ఒపెరా హౌస్ సరిగ్గా గీత మీద ఉంది. చదువుకునే గదిలో నేల మీద నల్లటి గీత, ముందు తలుపు అమెరికాలో, పుస్తకాలు కెనడాలో. పైన నాటకాల హాల్లో వేదిక కెనడాది, కుర్చీల్లో ఎక్కువ అమెరికావి. సెప్టెంబర్ 11 తర్వాతి సంవత్సరాల్లో రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని, ఊళ్ళ మధ్య మామూలు వీధులకు గేట్లు పెట్టాయి. లైబ్రరీ పక్క వీధిలో పూలకుండీల వరుస పెట్టారు. పిజ్జా కోసం అవతలికి నడిచి వెళ్ళడం కూడా నేరమైంది. కాపలావాళ్ళ వాదనలోనూ నిజం లేకపోలేదు. ఆ లైబ్రరీ బాత్‌రూమ్‌లో తుపాకులు దాచి కెనడాకు చేరవేసిన కేసు ఒకటి కోర్టులో రుజువైంది కూడా. అయినా ఊరివాళ్ళ బాధ వేరు. వీధి మూసేముందు వాళ్ళతో మాట్లాడారు గానీ, నిర్ణయం మార్చే అధికారం ఆ మాటల్లో లేదు. 2025లో కెనడావాళ్ళు లైబ్రరీ ముందు తలుపు దాకా నడిచొచ్చే పాత అలవాటుకు కూడా అమెరికా స్వస్తి చెప్పింది. కెనడా వైపు తలుపు కోసం ఊళ్ళో చందాలు పోగుచేశారు.

స్టాన్‌స్టెడ్‌లో పూలకుండీలు పెట్టిన కాలంలోనే అక్వెసస్నేకు పిస్తోళ్ళు వచ్చాయి. అమెరికా కాపలాదారులకు ఆయుధాలుంటే మనవాళ్ళకు ఎందుకుండకూడదని, 2006లో కెనడా ప్రభుత్వం తన సరిహద్దు సిబ్బందికి తుపాకులిస్తామంది. కెనడా చెక్‌పోస్టు ఉన్నది కార్న్‌వాల్ దీవిలో, మోహాకుల ఇళ్ళ మధ్య. పిల్లలు తిరిగే చోట తుపాకులు వద్దని వాళ్ళు ముందు నుంచీ చెబుతూనే ఉన్నారు. 2009 మే 31 రాత్రి నిప్పు రాజేసి దాని చుట్టూ చేరారు. అర్ధరాత్రి నుంచి ఆయుధాలతో డ్యూటీ మొదలవ్వాలి. సిబ్బంది చెక్‌పోస్టు వదిలి వెళ్ళిపోయారు. వంతెన ఆరు వారాలు మూతపడింది.

తెరిచినప్పుడు చెక్‌పోస్టు దీవిలో లేదు, నది దాటి ఉత్తరపు ఒడ్డున కార్న్‌వాల్ నగరంలో ఉంది. మోహాకులు అడిగింది తుపాకులు వద్దని. దొరికింది ఇది. సెయింట్ రెజిస్ నుంచి దీవిలోని చుట్టాలింటికి బయల్దేరిన మనిషి, న్యూయార్క్ మీదుగా దీవికి చేరి, ఆ ఇంటి ముందు నుంచే సాగిపోయి, ఇంకో వంతెన ఎక్కి, నగరంలో హాజరు చెప్పి, మళ్ళీ వెనక్కి రావాల్సి వచ్చింది. పక్క వీధిలోని చెల్లెలింటికి వెళ్ళే ముందు మండలాఫీసుకు పోయి సంతకం పెట్టి రమ్మన్నట్టు. హాజరు చెప్పకుండా ఆగినవాళ్ళ కార్లు జప్తు చేశారు, డబ్బు కడితే గాని వదల్లేదు. ఏళ్ళ తరబడి సాగిన ఇబ్బంది ఇది. మరుసటి ఏడాది, 2010లో, మోహాకులూ భాగమైన ఇరోక్వా జాతుల లాక్రాస్ జట్టు సొంత పాస్‌పోర్టులతో ఇంగ్లండ్‌లో ప్రపంచ పోటీలకు వెళ్ళబోతే బ్రిటన్ రానివ్వలేదు. లాక్రాస్ ఆటను ప్రపంచానికి ఇచ్చినవాళ్ళే వాళ్ళు.

2009లోనే నీటి మీద మరో ఒప్పందం కుదిరింది. 'షిప్‌రైడర్' అంటారు. రెండు దేశాల పోలీసులు ఒకే పడవలో ఎక్కి, గీత దాటినా వెంటాడవచ్చు. దొంగరవాణా పడవలు నది మధ్యకు వెళ్ళి చేయి ఊపి పోయే పరిస్థితికి ఇది మందు అన్నారు. సబబే. కానీ దానికి కావాల్సిన కెనడా చట్టాన్ని 2012లో వందల పేజీల బడ్జెట్ బిల్లులో ఒక భాగంగా చేర్చి గట్టెక్కించారు. ఎవరి తుపాకి, ఎవరి నేల, ఎవరి కోర్టు అన్న చర్చ విడిగా జరగాల్సింది.

2011 ఫిబ్రవరి 4న హార్పర్, అమెరికా అధ్యక్షుడు ఒబామా వాషింగ్టన్‌లో నిలబడి 'సరిహద్దుకు ఆవల' అనే ప్రకటన చేశారు. రెండు దేశాలకూ కలిపి చుట్టూ ఒకే కంచె అన్నది ఆలోచన. బయటి మనిషిని ఓడరేవులోనో విమానాశ్రయంలోనో గట్టిగా తనిఖీ చేస్తే, లోపలి గీత దగ్గర వరుసలు తగ్గుతాయి. చర్చలు రహస్యంగా సాగాయని ప్రతిపక్షం విరుచుకుపడింది. ప్రభుత్వం ఈసారి జనాభిప్రాయం అడిగింది, వెయ్యికి పైగా స్పందనలు వచ్చాయి. ఆగస్టులో వేసిన నివేదిక చదివితే దేశం రెండుగా కనిపిస్తుంది. వ్యాపారులు కాగితాలు తగ్గించమన్నారు. మామూలు మనుషులు ఎక్కువగా రాసింది తమ వివరాల గురించి, సార్వభౌమత్వం గురించి. గోప్యత కమిషనర్ జెనిఫర్ స్టాడార్ట్ కూడా అదే హెచ్చరించారు. డిసెంబర్ 7న కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. మా ప్రశ్నలకు జవాబు ఇందులో ఎక్కడని రాసినవాళ్ళు అడిగారు.

ఆ ప్రణాళికలో ఒక అంశం మన ఇళ్ళ దాకా వచ్చింది. ఒక దేశంలోకి ప్రవేశించిన నమోదే రెండో దేశం నుంచి బయటకు వెళ్ళిన నమోదుగా లెక్కించాలన్నారు. సొంత పౌరుల జోలికి వెళ్తే గొడవవుతుంది కాబట్టి, 2013 జూన్ 30 నుంచి ముందుగా ఇతర దేశాల పౌరుల వివరాలు, శాశ్వత నివాసుల వివరాలు ఇచ్చిపుచ్చుకున్నారు. కెనడా పౌరుల వంతు రావడానికి చట్టం మార్చాల్సి వచ్చి 2019 దాకా పట్టింది. అమెరికాలో హెచ్‌–1బీ మీద ఉన్న తెలుగు కుటుంబాలు 2025 దాకా వీసా స్టాంపింగ్‌కు టొరంటోకో వాంకూవర్‌కో వెళ్ళేవి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు నయాగరా దగ్గర రెయిన్‌బో వంతెన దాటి, అవతలి ఒడ్డు నుంచి జలపాతం చూపిస్తాయి. పాస్‌పోర్టు మీద ఒక్క గుద్దుతో రెండు దేశాల కంప్యూటర్లలోకి ముందు ఎక్కింది వీళ్ళ పేరే. ఓటు లేని మనిషి మీద ఏ పద్ధతినైనా ముందుగా పరీక్షించడం తేలిక. అప్పట్లో కెనడా పత్రికల్లో జరిగిన గోప్యత చర్చలో ఈ మనుషుల ఊసు నాకు పెద్దగా కనబడదు. అది ఆ చర్చకున్న లోటు.

విమానాశ్రయాల సంగతి క్లుప్తంగా. అమెరికా అధికారులు టొరంటోలోనే ప్రయాణికులను తనిఖీ చేసి పంపే పద్ధతి 1952 నుంచీ ఉంది, జనానికి అది ఇష్టమే. 2017లో వచ్చిన కొత్త చట్టం వాళ్ళకు కెనడా గడ్డ మీద ఎక్కువ అధికారాలిచ్చింది. కెనడా అధికారి అందుబాటులో లేకపోతే బట్టలు విప్పించి సోదా చేయడం దాకా. అంతకు ముందు, ప్రయాణం మానుకుంటానని చెప్పి ప్రయాణికుడు వెనక్కి తిరగగలిగేవాడు. ఇప్పుడు అలా తిరిగేవాళ్ళను కూడా, ఎందుకు తిరుగుతున్నావని ప్రశ్నించవచ్చు. ముస్లిం సంఘాలు, న్యాయవాదులు అభ్యంతరం చెప్పారు. బిల్లు నెగ్గింది.

ఇక రోక్సమ్ రోడ్. న్యూయార్క్ రాష్ట్రంలో పొలాల మధ్య మొదలై క్యూబెక్ గీత దగ్గర ఆగిపోయే పల్లెటూరి దారి. 2004 డిసెంబర్ నుంచి అమల్లో ఉన్న ఒప్పందం ప్రకారం, శరణార్థి ముందు ఏ దేశంలో కాలు పెడితే అక్కడే శరణు అడగాలి. చెక్‌పోస్టులో అడిగితే వెనక్కి పంపుతారు. 2023 దాకా చెక్‌పోస్టు కాని చోట దాటితే అది వర్తించేది కాదు. ఆ సందు రోక్సమ్ రోడ్డు. 2022లో 39 వేల మందికి పైగా ఇలా క్యూబెక్‌లోకి వచ్చారు. మూసేయమని క్యూబెక్ ముఖ్యమంత్రి ఫ్రాన్స్వా లెగో పట్టుబట్టాడు, చాలామంది ఆయనతో ఏకీభవించారు. ఆ దారి పక్కనే ఉండే హెమ్మింగ్‌ఫర్డ్ వాసులు కొందరు 'బ్రిడ్జెస్ నాట్ బార్డర్స్' పేరుతో చేరి, వచ్చేవాళ్ళకు సాయపడ్డారు. 2023 మార్చి 24న ఒట్టావాలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్, కెనడా ప్రధాని ట్రూడో ప్రకటించారు, ఒప్పందం ఇక గీత అంతటా వర్తిస్తుందని. ఆ అర్ధరాత్రి నుంచే అమలు. సంతకాలు మాత్రం 2022 వసంతంలోనే అయిపోయాయి. ఏడాది పాటు పార్లమెంటుకు గానీ జనానికి గానీ చెప్పలేదు.

వారం తిరక్కుండానే అక్వెసస్నే దగ్గర సెయింట్ లారెన్స్‌లో ఎనిమిది మంది శవాలు దొరికాయి. రుమేనియా కుటుంబం ఒకటి, గుజరాత్ కుటుంబం ఒకటి, వాళ్ళలో పసిపిల్లలు. అంతకు ముందు ఏడాది జనవరిలో మానిటోబాలోని ఎమర్సన్ దగ్గర మంచులో గడ్డకట్టి చనిపోయిన నలుగురూ గుజరాతీలే. నదిలో పోయినవాళ్ళు కెనడా నుంచి అమెరికాకు వెళ్తున్నారు కాబట్టి ఆ మరణాలను నేరుగా కొత్త ఒప్పందానికి కట్టడం సరికాదు. శవాలను వెతికి తీసింది మాత్రం ఎవరి సలహా లేకుండా ఒప్పందాలు కుదురుతున్నాయో ఆ మోహాకుల పోలీసులే. జూన్‌లో కెనడా సుప్రీంకోర్టు పాత ఒప్పందం ప్రధానంగా రాజ్యాంగబద్ధమేనంది. ప్రమాదంలో పడే మనిషికి మినహాయింపు ఇచ్చే వెసులుబాట్లు చట్టంలో ఉన్నాయన్నది కోర్టు ఇచ్చిన కారణం. ఆ వెసులుబాటు ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేది సరిహద్దు అధికారే.

ఆ అధికారి మీద ఫిర్యాదు ఎవరికి చేయాలి? జస్టిస్ ఓకానర్ 2006 డిసెంబర్‌లో ఇచ్చిన రెండో నివేదికలో దీనికి జవాబు ఉంది. కెనడా సరిహద్దు సంస్థ మీద స్వతంత్ర పరిశీలన ఉండాలని ఆయన సిఫారసు చేశారు. ప్రభుత్వాలు మారాయి, బిల్లులు పెట్టారు, మురగబెట్టారు. జాతీయ భద్రత వ్యవహారాల వరకు 2019లో ఒక పరిశీలక సంస్థ ఏర్పడింది. మామూలు ప్రయాణికుడి ఫిర్యాదు వినే కమిషన్‌కు చట్టం 2024 అక్టోబర్ 31న ఆమోదం పొందింది. అరార్ నివేదిక వచ్చిన 18 ఏళ్ళకు. అది కెనడా అధికారులకే వర్తిస్తుంది. టొరంటో విమానాశ్రయంలో కూర్చునే అమెరికా అధికారి దాని పరిధిలో లేడు.

(వచ్చే భాగం: 2025 సుంకాల బెదిరింపులు, సరిహద్దు మీద హెలికాప్టర్లు)